పరీక్ష అత్తగారింట్లో, కాన్పు తల్లిగారింట్లో

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరై రెండేళ్లు కావస్తోంది. ఈమధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు ఇంటికొచ్చి, "మేడం, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన కేసు ఒకటి చెప్పండి" అని అడిగారు. ఏ వింత జబ్బు గురించో, మైక్రోస్కోపులో నేనొక్కదాన్నే పట్టుకున్న దేని గురించో చెబుతాననుకున్నట్టున్నారు. అలాంటివి నా దగ్గర లేవు. ముప్పై ఏళ్లకు పైగా నేను చేసింది రక్తం తీయడం, పరీక్ష చేయడం, కాయితం మీద రాసివ్వడం. గుర్తుండిపోయింది మాత్రం, పరీక్ష సరిగ్గా చేసి కూడా తప్పు చేసిన సంగతి. ఆ రోజు వాళ్లకు చాయ్ పోసి సగమే చెప్పాను. మిగతా సగానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు మొత్తం రాస్తున్నాను.

తాండూరు వైపు ఒక సర్కారు దవాఖానలో పనిచేసేదాన్ని. ఏ దవాఖానో చెప్పను, ఎవరి పేరూ చెప్పను. ఈ కథలో ఉన్నవాళ్లలో చాలామంది ఇంకా డ్యూటీలో ఉన్నారు. గర్భిణులకు పరీక్షలన్నీ మా గదిలోనే చేసేవాళ్లం. రక్తం శాతం, షుగరు, సుఖవ్యాధుల పరీక్ష, హెచ్ఐవీ, వాటితోపాటు హెపటైటిస్ బి. ఈ చివరిదాన్ని జనం కామెర్ల పరీక్ష అంటారు. కామెర్లంటే కళ్లు పచ్చబడాలి, పసరు తాగితే పోవాలి. కళ్లు తెల్లగా ఉండి, ఒంట్లో ఏ బాధా లేని మనిషికి "నీ రక్తంలో ఉంది" అంటే నమ్మడం కష్టం. భార్యాభర్తల కలయికతో ఒకరి నుంచి ఒకరికి అంటుతుందని చెప్పడం ఇంకా కష్టం. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు కూడా అంటుతుంది. కానీ పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు ఆ బిడ్డకు టీకా పడితే, దాంతోపాటు గ్లోబులిన్ అనే ఇంకో సూది కూడా పడితే, దాదాపుగా ఆపొచ్చు. అంత చిన్న పని. అంత చిన్న పనే మా చేతుల్లోంచి జారిపోయింది.

పెద్దేముల్ దగ్గరి ఒక పల్లె నుంచి ఒకమ్మాయి వచ్చింది. మొదటి కాన్పు. అత్తగారిది గొర్లు మేపే కుటుంబం, మొగుడు తాండూరులో బండల పాలిష్ పనికి పోతాడు. నెలలు నిండని కడుపు మీద చెయ్యి పెట్టుకుని, రక్తం తీస్తుంటే మొహం పక్కకు తిప్పుకుంది. హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చింది. రెండోసారి చేశాను, అదే. గర్భిణిగా ఆమెకిచ్చిన కార్డు మీద మూలన రెండు గీతలు గీసి కింద సున్న చుట్టాను. అది మా గుర్తు. రోగం పేరు రాస్తే పదిమంది కంట్లో పడుతుందని మేమే పెట్టుకున్నాం. మా నర్సులకు తెలుసు, డాక్టరమ్మకు తెలుసు. చాలా తెలివైన పని చేశామని ఆ గుర్తు గురించి నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది. మా కాంపౌండు గోడ దాటితే అది ఎవరికీ అర్థం కాదని ఒక్కసారి కూడా తట్టలేదు.

మా వైపు మొదటి కాన్పుకు తల్లిగారింటికి తోలుకపోతారు. ఈ సంగతి నాకు తెలియక కాదు, నేనూ మా అమ్మగారింట్లోనే కన్నాను. ఆ అమ్మాయి తల్లిగారిది వికారాబాద్ దగ్గరి ఊరు. ఏడో నెలలో వెళ్లిపోయింది. ఆ వైపు దవాఖానలోనే ఒక గురువారం పొద్దున ఆడపిల్లను కన్నది.

ఏడాది దాటాక ఆమె తన పరీక్ష కోసం మా దగ్గరికి మళ్లీ వచ్చింది. చంకలో పాప. పాపకు కూడా చేద్దామని రక్తం తీశాను. పాజిటివ్. కొత్త డబ్బా తెరిచి మళ్లీ చేశాను. ఇంకోసారి చేశాను. ఎన్నిసార్లు చేసినా అదే గీత. ఆమె గది తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"నాదే అంటుకున్నదా మేడం?"

"డాక్టరమ్మ చెప్తది, పో అమ్మా" అన్నాను.

ఆ ఒక్క మాట అని తల వంచుకుని సూదులు సర్దుకున్నాను. సర్దడానికి అక్కడ సూదులేమీ లేవు.

ఆ నెల వికారాబాద్‌లో జిల్లా మీటింగ్ జరిగింది. అన్ని దవాఖానల నుంచి మా వాళ్లు వస్తారు, అంకెలు చదువుతారు, పెద్దసారు తల ఊపుతారు. ఈ పాప సంగతి వచ్చింది. నేను లేచి నిలబడి, "మేం పరీక్ష చేసినం సార్, కార్డు మీద గుర్తు పెట్టినం" అన్నాను. వికారాబాద్ వైపు వాళ్లు లేచి, "మాకు ఎవరూ చెప్పలే సార్" అన్నారు. ఇద్దరం నిజమే చెప్పాం. సారు "సమన్వయ లోపం" అని రాయించారు. ఆఫీసు భాషలో అంత హాయైన మాట ఇంకోటి లేదు. అందులో ఎవరి పేరూ ఉండదు, ఎవరి చెయ్యీ ఉండదు.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఒకావిడ తన డబ్బా తీసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. వికారాబాద్ వైపు దవాఖానలో కాన్పుల గది సిస్టర్. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. కర్ణాటక బార్డర్ మనిషి, కోపమొస్తే కన్నడలోకి పోతుందని విన్నాను. జొన్న రొట్టె విరిచి సగం నా ముందు పెట్టింది.

"అక్కా, కాన్పుల ఆ పిల్లను పట్టింది నేనే."

నేను నా డబ్బా మూత పెట్టేశాను.

"కార్డు చూసిన. రక్తం గ్రూపు కోసం చూసిన. నీ రెండు గీతలు, సున్న గూడ చూసిన. ఎవలో పిల్లలు గీకిండ్రనుకున్న." రొట్టె ముక్క కూరలో అద్దుతూ, "టీకా ఫ్రిజ్‌ల ఉండె. పదిమందికయ్యే సీసా. ఒక్క పోరి కోసం తెరిస్తే మిగిలింది ఖరాబయితదని తెరవలే. టీకాలేసే బుధవారం రమ్మన్న. వాళ్లు శుక్రవారమే డిశ్చార్జి అయి పోయిండ్రు. నెలన్నరకు గాని టీకా పడలే" అంది.

"సీసా తెరిస్తే ఖరాబ్ కాదు కదా" అన్నాను. "తారీకు రాసి చల్లగ పెడితే నాలుగు వారాలు వాడొచ్చు. మా దగ్గర గట్లనే చేస్తరు."

ఆమె చేతిలో రొట్టె అట్లాగే ఉండిపోయింది. "నాకెవలూ చెప్పలే అక్కా."

ఆ మాటే పొద్దున మీటింగులో కూడా విన్నాను. కానీ అప్పుడు తప్పించుకోవడానికి అన్నట్టు వినిపించింది. ఇప్పుడు అట్లా లేదు. రైల్లో గంట దూరం కూడా లేని రెండు ఊళ్లు. నాకు తెలిసింది ఆమెకు తెలియదు, ఆమెకు తెలిసింది నాకు తెలియదు. ఇద్దరం కలిసి ఒకే కుర్చీల వరసలో ఎన్నేళ్లుగా కూర్చుంటున్నామో.

నేనే అన్నాను. "ఒకరోజు నీ కాన్పుల గదిలో కూసుంట. ఒకరోజు నువ్వు నా ల్యాబులో కూసో."

పర్మిషన్ అడగబోతే పెద్దసారు నవ్వారు. "డ్యూటీలు మార్చుకుంటరా ఏంది మీరిద్దరు?"

"లేదు సార్. ఊకె కూసొని చూస్తం."

మొదట నేను పోయాను. ఆ ఒక్క పూటలో ముగ్గురి కాన్పులు చూశాను. గర్భిణి కార్డు ఎట్లా వస్తుందో చూశాను. సంచి అడుగున, చీరల కింద, ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టి. తెచ్చేది కాన్పుకొచ్చిన అమ్మాయి తల్లి. ఆమెకు చదువు రాదు. బిడ్డ నొప్పులతో అరుస్తుంటే మడత విప్పకుండానే అందిస్తుంది. సిస్టర్ ఒక చేత్తో గ్లవ్స్ వేసుకుంటూ, ఇంకో చేత్తో కార్డు విప్పి, రక్తం గ్రూపు, రక్తం శాతం చూసి పక్కన పడేస్తుంది. వేరేగా చేయడానికి అక్కడ టైము ఉండదు. మా గదిలో ఫ్యాను కింద కూర్చుని గుండ్రటి అక్షరాలతో నేను రాసిందంతా ఇక్కడికొచ్చేసరికి తడి చేతుల్లో పడుతోంది. ఇది నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు.

తర్వాతి వారం ఆమె మా దగ్గరికి వచ్చింది. మా కౌన్సిలర్ మంచి కుర్రాడు, పెద్ద చదువు చదివాడు, కొత్తగా పెళ్లయింది. పాజిటివ్ వచ్చినవాళ్లను కూర్చోబెట్టి చెప్పేది అతనే. ఆ రోజు యాభై కిలోమీటర్ల అవతల నుంచి వచ్చిన, పాజిటివని నెల కిందే తెలిసిన ఒక ఇల్లాలికి అరగంట చెప్పాడు. "మీ దాంపత్య సంబంధాలలో సురక్షిత పద్ధతులు పాటించవలసి ఉంటుంది" అన్నాడు. చెబుతున్నంతసేపూ గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది.

బయటికొచ్చాక సిస్టర్ ఆమెను ఆపింది. "ఏం జెప్పిండమ్మా సారు?"

"మంచిగుండమన్నడు."

కౌన్సిలర్ మొహం ఎర్రబడింది. సిస్టర్ ఆమెను లోపలికి తీసుకొచ్చి తలుపు మూసింది. కౌన్సిలర్‌ను వెళ్లిపొమ్మనలేదు, కూర్చోమంది.

"ఇను అమ్మా. ఆయన పరీక్ష జేయించుకొని టీకాలన్ని ఏసుకునేదాంక, మీరిద్దరు పండుకునేటప్పుడు నిరోధ్ వాడాలె. ఈడ పుక్కటికే ఇస్తరు. నువ్వు తప్పు చేసినవని గాదు, ఆయన చేసిండని గాదు. నువ్వు పుట్టినప్పుడే మీ అమ్మ నుంచి నీకు వచ్చి ఉండొచ్చు. ఒక్క కంచంల తింటె రాదు, పక్కన కూసుంటె రాదు."

ఆ ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నెల రోజులసంది ఆయనతోని మాట్లాడుతలేను" అంది. "ఎక్కడనో పోయి తెచ్చిండనుకున్న."

ఆమె వెళ్లాక కౌన్సిలర్ చాలాసేపు కాయితాలు తిరగేశాడు. చివరికి సిస్టర్‌ను, "మేడం, ఆ మాటలు మళ్లొకసారి చెప్పరా, రాసుకుంట" అని అడిగాడు. రాసుకున్నాడు కూడా. తర్వాత నెలరోజులకు క్యాలెండరు వైపు చూడడం మానేశాడు.

ఆ సాయంత్రం ముగ్గురం కూర్చుని మూడు పనులు అనుకున్నాం. పరీక్షకు వచ్చిన ప్రతి గర్భిణినీ కాన్పు ఎక్కడ అని అడగాలి. పాజిటివ్ అయితే ఆ దవాఖానకు ఫోన్ చేసి నోటితో చెప్పాలి. మూడోది నా ఆలోచన. కార్డు మీద, ఎవరి తడి చేతుల్లో పడినా కనిపించేలా, ఎర్రచుక్క అంటించాలి. సిస్టర్ కొంచెం గునిసింది. "ఎర్రదా అక్కా?" అంది. నేను పట్టుబట్టాను. పెద్దదాన్ని కదా.

రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత యాలాల్ వైపు ఒక కోడలు పిల్ల కార్డు మీద ఎర్రచుక్క అంటించాను. కాన్పు ఎక్కడంటే మర్పల్లి, తల్లిగారింట్లో అంది. కౌన్సిలర్ ఈసారి బాగానే చెప్పాడు, ఆమెకు అర్థమైంది కూడా. కానీ పోయేటప్పుడు షేర్ ఆటోలో ఆ ఊరి మనిషే ఒకామె కార్డు చూసింది. ఎర్రచుక్క ఉంటే పెద్దరోగం అని అప్పటికే రెండూళ్లలో మాట పుట్టింది. మాకు తెలియకుండా మేమే పుట్టించిన మాట. ఆటో ఊరు చేరేలోపు ఆమెకు ఎయిడ్స్ అని అయిపోయింది. అత్తగారింట్లో రెండు రోజులు గొడవ. మూడో రోజు పుట్టింటికి పంపేశారు. ఆమె కార్డు చించి పొయ్యిలో పెట్టిందట. ఫోన్ బంద్ చేసింది.

ఇదంతా మాకు ఆశా కార్యకర్త చెబితే తెలిసింది. ఆ రోజు గదిలోకి పోయి మిగిలిన ఎర్రచుక్కల కాయితాలన్నీ చించేశాను. చించినంత మాత్రాన ఆమెకు ఏం లాభం? సిస్టర్‌కు ఫోన్ చేసి చెప్పాను. "చెప్పలేదా అక్కా" అంటుందనుకున్నాను. అనలేదు.

"మర్పల్లి మా వైపే గదా. నేను పోత."

పోయింది. ఒక్క ఇంటికే పోతే అనుమానమొస్తుందని, ఊర్లో ఉన్న గర్భిణులందరి ఇళ్లకూ బీపీ చూసే నెపంతో తిరిగింది. మొదటిసారి ఆ అమ్మాయి తలుపు తీయలేదు. రెండోసారి తల్లి తీసింది. మూడోసారి ఆ అమ్మాయే వచ్చి చెయ్యి చాపి బీపీ చూపించుకుంది. "వస్తది అక్కా, నా కాడికే వస్తది" అని సిస్టర్ నాకు చెప్పింది. ఆ మాటలో ధైర్యం సగమే ఉంది.

గ్లోబులిన్ సూది ఆ రోజుల్లో దొరకడం కష్టం. ఎందరికో మొరపెట్టుకుంటే ఆ అమ్మాయి పేరు మీద ఒకటి మా దవాఖానకు వచ్చింది. కాన్పుకు ఇంకా మూడు వారాలుంది కదా, వచ్చే వారం జీపులో పంపుదామని మా ఫ్రిజ్‌లో పెట్టాను. ఇదిగో, మళ్లీ నా లెక్కే.

ఒక సోమవారం పొద్దున పదింటికి ఫోన్.

"అక్కా, ఆమె ఒచ్చింది. నొప్పులు మస్తున్నయ్. సూది నీ కాడనే ఉన్నదా?"

జీపు క్యాంపుకు పోయింది. ఐసు పెట్టెలో సూది పెట్టుకుని ఆటోలో స్టేషన్‌కు పోయాను. రైలు లేటు, ఎంత లేటో చెప్పలేమన్నారు. పావుగంట ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. ఆ పావుగంటలో నాకు ఆ పెద్దేముల్ పాప రక్తం పరీక్ష గీత తప్ప ఇంకేమీ కనబడలేదు. మళ్లీ ఆటో ఎక్కి బస్టాండుకు పోయాను. బస్సు కిక్కిరిసి ఉంది. నిలబడే చోటు దొరికింది గానీ పెట్టె పెట్టడానికి చోటు లేదు. కిటికీ పక్క సీట్లో ఒక ముసలామె నా చేతులు చూసి, "గిటు ఇయ్యి" అని పెట్టె ఒళ్లో పెట్టుకుంది.

"ఏమున్నదమ్మా గిండ్ల? ఐస్క్రీమా?"

"ఒక పసిగుడ్డుకు సూది, అవ్వా. వికారాబాద్‌లో పుడుతున్నది."

ఆమె ఇంకేమీ అడగలేదు. దారి పొడుగునా రెండు చేతులూ పెట్టె మూత మీద పెట్టుకుని కూర్చుంది. ఎవరో సంచి దాని మీద ఆనిస్తే, "జరుగు, పిల్లగాని సూది ఉన్నది" అని కసిరింది. పక్కనున్న నలుగురికీ చెప్పింది కూడా. వాళ్లంతా నా వంక చూశారు. అంత ఫికర్లో కూడా నాకు నవ్వొచ్చింది.

నేను పోయేసరికి కాన్పయి రెండు గంటలైంది. మగపిల్లాడు. సిస్టర్ టీకా సీసా తెరిచి, దాని మీద తారీకు రాసి, ఒక తొడకు టీకా ఎప్పుడో వేసేసింది. రెండో తొడకు గ్లోబులిన్ వేశారు. పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. అంతే. పెద్ద సంగతేమీ జరగలేదు. జరగాల్సింది జరిగే రోజు ఇంత మామూలుగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

తల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దగ్గరికి పోయి నిలబడ్డాను. చూడకుండానే అంది.

"నా కార్డు మీద చుక్క పెట్టింది నువ్వే గదా."

"అవును బిడ్డా. నేనే పెట్టిన. తప్పయింది."

సర్వీసు మొత్తంలో రోగితో ఆ మాట అనడం అదే మొదలు. ఆమె ఇటు తిరిగి నన్ను కాసేపు చూసింది. తర్వాత పిల్లాణ్ని చూపించి, "జర ఎత్తుకో, నాకు లేవరాదు" అంది. ఆ పిల్లాడికి ఏడాది దాటాక నేనే పరీక్ష చేశాను. నెగెటివ్.

ఆ కాన్పు తర్వాత జరిగిన జిల్లా మీటింగులో పెద్దసారు మమ్మల్ని మెచ్చుకున్నారు. "తాండూరు, వికారాబాద్ వాళ్లు ఎట్ల చేసిండ్రో అందరికి చెప్పండి" అని నన్ను లేపారు. బస్సు సంగతి చెబుదామనుకునే లేచాను. నోరు తెరిస్తే పెద్దేముల్ పాప సంగతి వచ్చింది. రెండు గీతలు, సున్న, ఎర్రచుక్క, అన్నీ చెప్పాను. నా తర్వాత సిస్టర్ లేచి సీసా తెరవని సంగతి చెప్పింది. ఇంతలో వెనక నుంచి ఇంకో దవాఖాన టెక్నీషియన్ లేచాడు. "మా దగ్గర గూడ అయింది సార్. సుఖవ్యాధి పరీక్ష పాజిటివ్ కాయితం పొరపాటున ఆమె మరిది చేతిల పెట్టిన" అన్నాడు. తర్వాత ఇంకొకావిడ. ఆ రోజు అంకెలు ఎవరూ చదవలేదు. పెద్దసారు ఏమీ రాయించలేదు. రెండోసారి చాయ్ తెప్పించారు. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి గంట దీనికే అయింది. ఒకరి దవాఖానలో ఒకరు కూర్చోవడం కూడా మిగతావాళ్లు మొదలుపెట్టారు.

మీటింగ్ అయ్యాక బస్టాండు దాకా సిస్టర్ నాతో నడిచింది. నేను బస్సు ఎక్కబోతుంటే అంది.

"మనకు మనం చెప్పుకున్నం అక్కా. ఆ పెద్దేముల్ తల్లికి ఎవలు జెప్తరు?"

ఇంటికొచ్చిన ఆ కొత్త ఉద్యోగులకు నేను చెప్పింది ఇక్కడి వరకే. మీటింగుతో ఆపేశాను. అక్కడ నేను బాగా కనిపిస్తాను కదా.

పెద్దేముల్ పోయి చెప్తానంటే మా కౌన్సిలర్ వద్దన్నాడు. "మేడం, రిటైర్‌మెంటు దగ్గర పడ్డది. వాళ్లు కంప్లైంట్ రాస్తే పరేషాన్ అయితరు." అతను నా మంచికే చెప్పాడు. వారం రోజులు నాకు కూడా ఆ మాటే నిజమనిపించింది. ఎనిమిదో రోజు సెలవు పెట్టి, షేర్ ఆటో ఎక్కి పెద్దేముల్ పోయాను. అక్కడి నుంచి ఇంకో ఆటో.

మధ్యాహ్నం. మొగుడు పనికి పోయాడు. గొర్లదొడ్డి పక్కన ఆమె తొట్టిలో నీళ్లు పోస్తోంది. పాప గొర్రెపిల్ల చెవి పట్టుకుని లాగుతోంది. మంచిగా, గుండ్రంగా ఉంది. నన్ను చూడగానే ఆమె బిందె కింద పెట్టింది.

"ఏమైంది మేడం? పరీక్షల ఏమన్న వచ్చిందా?"

"లేదు బిడ్డా. పాప మంచిగున్నది. నీతోని ఒక మాట చెప్పాలె."

దొడ్డి నీడకు పోయి నిలబడ్డాం. ఇంట్లోంచి వస్తూ దారిలో అనుకున్న మాటలేవీ గుర్తు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. నువ్వు కడుపుతో ఉన్నప్పుడే నీకున్నదని తెలిసింది మాకు. కార్డు మీద గుర్తు పెట్టినం గానీ, ఆ గుర్తు కాన్పు చేసినోళ్లకు తెలియదు. మేం వాళ్లకు ఫోన్ చేయలేదు. పుట్టిన రోజే పడాల్సిన టీకా ఫ్రిజ్‌లోనే ఉంది, వేయలేదు. వేస్తే పాపకు వచ్చేది కాదేమో. నువ్వు చేయాల్సింది నువ్వు చేసినవ్. పరీక్షకు వచ్చినవ్, కార్డు తీసుకపోయి చూపించినవ్. తప్పు మాది.

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ విన్నది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడదామనే పోయాను.

"పాలతోని రాలేదా?" అంది.

"పాలతోనా? లేదు. ఎవరన్నరు?"

"మా అత్త. నీ పాలతోనే పోరికి వచ్చిందన్నది. నీ రక్తమే మంచిది గాదన్నది. గప్పటి నుంచి పాలు బంద్ చేసిన. నా కంచం వేరే, పోరి కంచం వేరే." పాప వైపు చూసింది. "నాకైతే గదే నిజమనిపించింది మేడం. నేనే తెచ్చిపెట్టిన అనుకున్న. పోరిని దగ్గరికి తీసుకుంటే గూడ భయమయితుండె."

నేను సూదులు సర్దుకుంటున్నట్టు నటించిన రోజు ఆమె అడిగింది ఇదే. రెండు మాటలు చెప్పి ఉంటే సరిపోయేది. ఇన్నాళ్లూ ఆమె నా బదులు ఆ తప్పు మోసింది.

ఆమె మొహం తుడుచుకుంది. ఇంటివైపు తిరిగి గట్టిగా పిలిచింది.

"అత్తా! ఓ అత్తా! జర ఇటు రా."

లోపలి నుంచి ముసలామె వచ్చింది. చేతికి జొన్నపిండి. నన్ను ఎగాదిగా చూసింది. గోడ అవతలి నుంచి పక్కింటామె కూడా తల ఎత్తింది.

"గీ మేడం దవాఖాన నుంచి వచ్చింది" అంది ఆమె. ఆ గొంతు ఇందాకటి గొంతు కాదు. "నాకు జెప్పింది మళ్ల చెప్పు మేడం. గట్టిగ చెప్పు."

చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఈసారి పాల సంగతి, కంచం సంగతి కూడా చేర్చాను. అయిపోయాక ముసలామె చేతికున్న పిండి నలుపుకుంటూ కోడలి వైపు చూడబోయి, చూడలేక నా వైపు తిరిగింది.

"మరి గట్లయితే మేడం," అంది, "మా అందరికి గూడ చేస్తరా గా పరీక్ష? నాకు, నా కొడుక్కు?"

"చేస్తం. రేపే రండి."

కోడలు నవ్వలేదు, ఏడవలేదు. పాపను ఎత్తి చంకన వేసుకుంది. పాప చేతిలోంచి గొర్రెపిల్ల తప్పించుకుని పోయింది. గోడ అవతలి పక్కింటామె, "ఏమైందే, ఏం జెప్పింది?" అని అడిగింది.

"చెప్పు మేడం" అంది కోడలు. "ఆమెకు గూడ చెప్పు."

మూడోసారి చెప్పాను.